లివర్ క్యాన్సర్: పెట్ స్కాన్‌తో ఏం తెలుస్తుంది? ఏం తెలియదు?

పెట్ స్కాన్ తీస్తే క్యాన్సర్ ఎక్కడున్నా తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ విషయంలో లెక్క వేరు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని తేల్చడానికి వీల్లేదు.

ఎలా పనిచేస్తుంది?

ఎఫ్‌డీజీ అనే మందును నరంలోకి ఎక్కిస్తారు. ఇది రేడియోధార్మికత కలిపిన ఒక రకం చక్కెర. క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే ఎక్కువ చక్కెరను లాక్కుంటాయి. సుమారు గంట తర్వాత స్కాన్ తీస్తే, అది పేరుకున్న చోటు వెలుగుతూ కనిపిస్తుంది.

లివర్‌లో ఎందుకు తప్పిపోతుంది?

చక్కెరను దాచుకోవడం, అవసరమైనప్పుడు రక్తంలోకి వదలడం కాలేయం పని. ఇందుకు దానిలో ప్రత్యేక ఎంజైమ్ ఉంటుంది. మెల్లగా పెరిగే లివర్ క్యాన్సర్ కణాల్లోనూ అది ఉండటంతో, అవి ఎఫ్‌డీజీని పట్టి ఉంచుకోవు. దాంతో కణితి, చుట్టూ ఉన్న కాలేయం ఒకేలా కనిపిస్తాయి.

2003లో హాంకాంగ్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో ఎఫ్‌డీజీ దాదాపు 47 శాతం కణితులనే పట్టుకుంది. కార్బన్-11 అసిటేట్ అనే మరో మందు 87 శాతం పట్టుకుంది. అయితే కార్బన్-11 శక్తి 20 నిమిషాలకే సగానికి పడిపోతుంది. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గర్లోనే ఉండాలి. గాలియం-68తో చేసే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌పైనా పరిశోధనలు జరుగుతున్నాయి.

మరి ముందు ఏ పరీక్ష?

మందు ఎక్కించి దశలవారీగా తీసే సీటీ లేదా ఎంఆర్ఐ ముఖ్యం. సిర్రోసిస్ ఉన్నవారిలో చాలాసార్లు ముక్క పరీక్ష లేకుండానే వీటితో నిర్ధారణ అవుతుంది.

పెట్ స్కాన్ ఎప్పుడు ఉపయోగం?

* క్యాన్సర్ ఎముకలు, ఊపిరితిత్తులకు పాకిందేమో చూడటానికి
* కాలేయ మార్పిడికి ముందు
* చికిత్స తర్వాత మళ్లీ వచ్చిందన్న అనుమానం ఉంటే
* పెద్దపేగు వంటి చోట్ల నుంచి లివర్‌కు పాకిన క్యాన్సర్‌ను గుర్తించడానికి

లివర్ కణితి ఎఫ్‌డీజీతో బాగా వెలిగితే, అది వేగంగా పెరిగే రకం కావచ్చని వైద్యులు భావిస్తారు.

జాగ్రత్తలు

స్కాన్‌కు ముందు 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ ఉన్నవారు తమ మందులు, ఇన్సులిన్ గురించి ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయం దాచకూడదు. స్కాన్ తర్వాత నీళ్లు ఎక్కువ తాగాలి. కొన్ని గంటలపాటు పసిపిల్లలు, గర్భిణులకు దూరంగా ఉండాలి.

హెపటైటిస్-బి లేదా సిర్రోసిస్ ఉన్నవారు డాక్టర్ సలహాతో 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. లివర్ క్యాన్సర్ తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.