అచ్చువేసి వదిలిన జీవాలకు ఇల్లెక్కడ?

ఒక పక్క ఇంద్రకీలాద్రి, మరో పక్క కృష్ణ. ఆ రెంటి మధ్య పెరగడానికి చోటు లేక ఇరుకైపోయిన ఊరు బెజవాడ వన్ టౌన్. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కూరగాయల తుక్కు మీద బతికే ఆవులూ కోడెదూడలూ అక్కడ ఎప్పుడూ కనిపిస్తాయి. దండం పెట్టేవారు, అరటితొక్క పెట్టేవారు, కర్రతో అదిలించేవారు చాలామందే ఉన్నారు. రాత్రికి కట్టేసి కుడితి పెట్టే మనిషే అరుదు. పని పోయిన పశువు, ఎవరూ కొనని పశువు ఎక్కడ బతకాలన్న ప్రశ్నకు మన దగ్గర సాధారణంగా వినిపించే జవాబు గోశాల. చరిత్ర చూస్తే మాత్రం వేరే జవాబు దొరుకుతుంది. ఇలాంటి జీవాలు నిలబడింది పెద్ద దొడ్లలో కాదు, చిన్న కమతాల్లో. అదీ రెండు మూడు చొప్పున, పేరూ ఊరూ తెలిసిన మనిషి చేతికింద. ఆ మనిషిని వెతకడం, అతని గడ్డివాముకు అండగా నిలవడం, అతను సరిగ్గా చూస్తున్నాడో లేదో గమనించడం సమాజం చేయవలసిన పని. నా వాదన ఇదే.

ఇదే చిక్కును అమెరికా గుర్రాలతో ఎదుర్కొంది. స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చిన గుర్రాలు తప్పించుకుని పశ్చిమ మైదానాల్లో మందలు కట్టాయి. అవే ముస్తాంగ్‌లు. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని లారీలతో, విమానాలతో తరిమి పట్టి కబేళాలకు పంపుతుంటే నెవాడాకు చెందిన వెల్మా జాన్‌స్టన్ అనే ఉద్యోగిని ఏళ్ల తరబడి పోరాడింది. 1971లో ఆ గుర్రాలకు రక్షణ కల్పించే చట్టం ఉభయ సభల్లోనూ వ్యతిరేకత లేకుండా నెగ్గింది. చట్టం వచ్చాక మందలు పెరిగాయి, మేత చాలలేదు. 1973లో మోంటానాలో మొదలుపెట్టి, పట్టిన గుర్రాలను పౌరులకు దత్తత ఇవ్వసాగారు. మెడ మీద చల్లని అచ్చుతో చెరగని గుర్తు వేస్తారు. ఒక్కో గుర్రానికి కనీసం 400 చదరపు అడుగుల దొడ్డి, మచ్చిక కాని పెద్ద గుర్రమైతే ఆరడుగుల కంచె ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. తీసుకున్న వెంటనే గుర్రం వారి సొంతం కాదు. ఏడాది పాటు సరిగ్గా చూశారని తేలాకే హక్కుపత్రం చేతికి వస్తుంది. మేకలు, కోళ్లు, ఒకటో రెండో గాడిదలు ఉన్న చిన్న పొలాల్లోకి ఆ గుర్రాలు అలా చేరాయి.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. పెద్దల పేర వృషోత్సర్గం చేసి, తొడ మీద శూలమో చక్రమో అచ్చువేసి కోడెను వదిలేవారు. ఆ ఆబోతు ఎవరి సొత్తూ కాదు, అయినా ఊరంతా మేపేది. ఏ చేలో పడ్డా కొట్టి తరిమేవారు తక్కువ. ఇందులో భక్తి ఎంతుందో లెక్క కూడా అంతే ఉంది. ఎదకు వచ్చిన ఆవులకు చూలు నిలిపేది ఆ ఆబోతే. అందుకే ఒంగోలు ప్రాంతంలో వదిలే కోడెను ఏరి కోరి, మంచి ధర పెట్టి కొనేవారు. మూపురం, గంగడోలు, నడక అన్నీ చూసుకునేవారు. నేడు బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో కోట్ల సంఖ్యలో ఉన్న పశువుల మూలాలు మన కోస్తా పశువుల్లోనే ఉన్నాయి. ఆ జాతి నాణ్యత నిలవడంలో ఊరు ఉమ్మడిగా పోషించిన ఈ ఆబోతుల పాత్ర చిన్నది కాదు. యజమాని లేకపోయినా దానికి సంరక్షకులు ఉన్నారు, మేయడానికి బయలు ఉంది. ఆ రెండూ ఉన్నంతకాలం ఆచారం నిలిచింది.

బయలు ముందు పోయింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారినంత మేరా మెట్ట మాగాణిగా మారింది. డెల్టాకు అన్నం పెట్టిన ఆ మార్పును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వరి పండే ప్రతి ఎకరమూ పశువుకు నిషిద్ధ స్థలమైంది. 1871లో పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. చేలో పడిన పశువును రైతు పట్టి బందెలదొడ్డికి తోలవచ్చు. ఆ చట్టంలోని జరిమానాల పట్టిక చదవదగినది. ఏనుగుకు రెండు రూపాయలు, గేదెకూ ఒంటెకూ ఎనిమిది అణాలు, గుర్రానికీ ఎద్దుకూ ఆవుకూ నాలుగణాలు, దూడకూ గాడిదకూ పందికీ రెండణాలు, మేకకూ గొర్రెకూ ఒక అణా. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే దండోరా. ఆ తరువాత మరో ఏడు రోజులు చూసి వేలం. ఊరందరిదీ అయిన జీవానికి ఈ పట్టికలో గడి లేదు. ప్రతి పశువుకూ జరిమానా కట్టే యజమాని ఉంటాడనీ, లేకుంటే అది అమ్ముడుపోయే సరుకనీ ఆ చట్టం అనుకుంది.

తర్వాత పని పోయింది. బెజవాడ వీధుల్లో జట్కాలు రిక్షాలకు, రిక్షాలు ఆటోలకు చోటిచ్చాయి. ట్రాక్టరు వచ్చి ఎడ్లను కొట్టంలో కూర్చోబెట్టింది. డెయిరీలు వచ్చాక పాడిగేదెకు విలువ పెరిగింది, కోడెదూడకు తరిగింది. మొక్కుబడులు మాత్రం తగ్గలేదు. సింహాచలం అప్పన్నకు, వేములవాడ రాజన్నకు కోడెలను సమర్పిస్తూనే ఉన్నారు. ఊళ్లోకి పోవలసిన ఆబోతు ఇప్పుడు షెడ్డులోకి పోతోంది.

వందల పశువులను ఒకే చోట ఉంచితే ఏమవుతుందో మన కళ్ల ముందే జరిగింది. 2019 ఆగస్టులో విజయవాడ శివారు కొత్తూరు తాడేపల్లి గోశాలలో రాత్రికి రాత్రే వంద దాకా ఆవులు చనిపోయాయి. అనుమానం మేత మీదికి పోయింది. అక్కడ ప్రేమ కొరవడిందని నేను అనను. ఒకే మోపు మేత అన్ని నోళ్లకూ చేరే ఏర్పాటులో ఒక్క పొరపాటు వందసార్లు చంపుతుంది. 2025 వానల్లో వేములవాడ దగ్గర తిప్పాపూర్ గోశాలలోనూ కోడెలు చనిపోయాయి. ఇరుకు, బురద, జబ్బు. ఆ తర్వాత పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతులకు కోడెలను ఉచితంగా పంచారు. ఆ పంపకం సరైన దారే అని నా అభిప్రాయం.

ఇచ్చిన పశువును అమ్ముకోరని నమ్మకమేమిటి? ఈ అభ్యంతరం గట్టిదే. వేములవాడ కోడెలు పక్కదారి పట్టాయని 2024లోనే ఆరోపణలు వచ్చాయి. అమెరికాలో 2019 నుంచి ముస్తాంగ్‌ను దత్తత తీసుకున్నవారికి వెయ్యి డాలర్ల ప్రోత్సాహకం ఇస్తే, డబ్బు అందుకున్నాక కొందరు గుర్రాలను కబేళా వ్యాపారులు తిరిగే వేలాలకు తోలారు. 2025లో న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టేసింది. ఈ అనుభవం దత్తత పద్ధతినే తప్పుపడుతోందా? నాకలా అనిపించదు. నగదు ఇచ్చి, తర్వాత కన్నెత్తి చూడకపోతే ఇలాగే అవుతుంది. మన దగ్గర పశువు చెవికి పన్నెండు అంకెల పోగు ఇప్పటికే ఉంది, ఊళ్లో పశుసంవర్ధక సహాయకుడు ఉన్నాడు. నగదు బదులు దాణా, టీకాలు, వైద్యం ఇవ్వవచ్చు. ఏడాది చూశాకే హక్కు రాయవచ్చు. ఒక్కరికి రెండు మూడు జీవాలకు మించి ఇవ్వకుండా ఉండవచ్చు.

వాటిని స్వేచ్ఛగా వదిలేయడమే ధర్మం అనేవారూ ఉన్నారు. అస్సాంలోని డిబ్రూ సైఖోవాలో సైన్యం వదిలిన గుర్రాల సంతతి అని చెప్పే మంద బ్రహ్మపుత్ర లంకల్లో తిరుగుతోంది, నిజమే. దానికి అక్కడ లంకలున్నాయి. మన డెల్టాలో అంత బయలు ఎక్కడుంది? ఇక్కడ స్వేచ్ఛగా వదలడమంటే రోడ్డు మీద, ప్లాస్టిక్ సంచుల మీద వదలడమే. ముసలివి, గుడ్డివి, కాలు విరిగినవి ఉంటాయి కదా అంటే, గోశాల వాటి కోసం ఉండాలి. అప్పుడది ఆసుపత్రిలా చిన్నగా, శుభ్రంగా ఉండగలుగుతుంది.

అసలు కష్టం మేత దగ్గరుంది. వరి కోతకు ముందే చేలో జనుము, పిల్లిపెసర చల్లి, కుప్ప నూర్చాక పశువును ఆ పచ్చిమేత మీద నిలబెట్టే అలవాటు డెల్టాది. ఇప్పుడు చేలో మిగిలిన తడి మీద చాలాచోట్ల మినుము వేస్తున్నారు. కోతయంత్రం తుక్కు చేసిన గడ్డిని పోగుచేసే కూలి గిట్టక కొందరు చేలోనే తగలబెడుతున్నారు. ఆ మంటలో పోయేది ఎన్నో జీవాల ఏడాది తిండి. గడ్డి మోపులు కట్టే యంత్రాన్ని ఊరికొకటి అద్దెకు అందించి, కట్టిన మోపులో ఒక వంతు దత్తత పశువులున్న ఇంటికి చేర్చాలి. ఉపాధి హామీ కింద రెండు, నాలుగు, ఆరు పశువులకు కట్టిస్తున్న గోకులం షెడ్లను ఈ దత్తతతో కలపాలి. అన్నిటికన్నా ముందు, వేములవాడలో పెట్టినట్టి పాసుపుస్తకం షరతును సడలించాలి. కృష్ణా డెల్టాలో పొలం దున్నేది చాలావరకు కౌలు రైతు. పట్టా ఉన్న ఆసామి ఎక్కువగా పట్నంలో ఉంటాడు. గడ్డివాము, కుడితి తొట్టి, తెల్లవారుజామున లేచి పేడ తీసే చేతులు కౌలుదారు ఇంట్లో ఉన్నాయి. కౌలు గుర్తింపు కార్డును పాసుపుస్తకంతో సమానంగా చూడకపోతే కోడె పట్టా ఉన్న ఆసామి పేర నమోదై, మేపే దిక్కులేక మళ్లీ సంతకో, వన్ టౌన్ రోడ్డుకో చేరుతుంది.