మధుమేహ నాడీవ్యాధి

మధుమేహం (చక్కెర వ్యాధి) వలన శరీరంలోని నరాలు దెబ్బతినడాన్ని మధుమేహ నాడీవ్యాధి లేదా డయాబెటిక్ న్యూరోపతి అంటారు. మధుమేహం ఉన్నవారిలో దాదాపు సగం మందికి జీవితకాలంలో ఏదో ఒక దశలో ఇది ఏర్పడుతుంది. పాదాలకు పుండ్లు పడడానికి, కొందరికి కాలు తొలగించవలసి రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కారణాలు

రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే, అందులో కొంత నాడీకణజాలంలో సార్బిటాల్‌గా మారి హాని చేస్తుంది. నరాలకు ప్రాణవాయువును అందించే సూక్ష్మ రక్తనాళాలు కూడా పాడవుతాయి. పొడవైన నాడీతంతువులు ముందుగా దెబ్బతింటాయి కనుక వ్యాధి సాధారణంగా కాలివేళ్ళలో మొదలై పైకి ప్రాకుతుంది. పొగత్రాగడం, అధిక రక్తపోటు, స్థూలకాయం ప్రమాదాన్ని పెంచుతాయి.

రకాలు, లక్షణాలు

* పరిధీయ నాడీవ్యాధి: అన్నిటికంటె సాధారణమైనది. రెండు పాదాలలో తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్లుండడం దీని లక్షణాలు. బాధ రాత్రివేళ ఎక్కువవుతుంది. క్రమంగా స్పర్శ నశిస్తుంది.
* స్వయంచాలిత నాడీవ్యాధి: లేచి నిలబడగానే తల తిరగడం, ఆహారం ఆలస్యంగా జీర్ణమవడం, మూత్ర సమస్యలు, పురుషులలో అంగస్తంభన లోపం కలుగుతాయి. గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు.
* సమీపస్థ నాడీవ్యాధి: తొడ, పిరుదు భాగాలలో తీవ్రమైన నొప్పి, కండరాల బలహీనత కలుగుతాయి.
* ఏకనాడీ వ్యాధి: ఒక్క నరమే దెబ్బతింటుంది. ఉదాహరణకు, కంటిని కదిలించే నరం దెబ్బతింటే ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది.

పాదాల పుండ్లు

నొప్పి శరీరానికి రక్షణ. అది లేనప్పుడు చెప్పులో రాయి ఉన్నా, వేడినేల కాల్చినా తెలియదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వారి పాదాల పుండ్లకు ముఖ్యకారణం స్పర్శలేని చోట పదేపదే పడే ఒత్తిడి అని చూపించాడు. ఈ అవగాహన తరువాత మధుమేహ రోగుల పాద సంరక్షణకు కూడా ఉపయోగపడింది.

నిర్ధారణ

10 గ్రాముల ఒత్తిడి కలిగించే నైలాన్ పోగుతో పాదాల స్పర్శను, 128 హెర్ట్జ్ శ్రుతిదండంతో ప్రకంపన జ్ఞానాన్ని పరీక్షిస్తారు. రెండవ రకం మధుమేహంలో వ్యాధి బయటపడినప్పటి నుండి, మొదటి రకంలో అయిదేళ్ళ తరువాత నుండి, ఏటా ఈ పరీక్షలు అవసరం. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో విటమిన్ బి12 లోపం కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించవచ్చు కనుక దానినీ పరీక్షిస్తారు.

నివారణ, చికిత్స

దెబ్బతిన్న నరాలను పూర్తిగా బాగుచేసే మందు లేదు. అందువలన నివారణే ముఖ్యం. మొదటి రకం మధుమేహంలో చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో ఉంచితే నాడీవ్యాధి గణనీయంగా తగ్గుతుందని 1993లో వెలువడిన అమెరికా, కెనడాల అధ్యయనం నిరూపించింది. రెండవ రకంలో ఈ ప్రయోజనం కొంత తక్కువ. నొప్పిని తగ్గించడానికి ప్రీగాబాలిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులను వైద్యుని సలహాపై వాడతారు.

స్పర్శ తగ్గినవారు ప్రతిరోజూ అరికాళ్ళను, వేళ్ళ సందులను పరిశీలించుకోవాలి. చెప్పులు లేకుండా నడవరాదు. కాళ్ళకు వేడినీటి కాపడం పెట్టుకొనరాదు. ఆనెకాయలను స్వయంగా కోసుకొనరాదు. పుండు నొప్పి లేకపోయినా ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.