రచ్చబండకు కావలి



రచ్చబండ నెరుగని తెలుగువాడుండడు. "రచ్చ" యను మాట సంస్కృతమందలి "రథ్య"కు వికృతి; వీధి యని యర్థము. వీధి యొకరి సొత్తు గాదు. కావుననే మా మేడ్చలు, శామీరుపేట పల్లెలలో బాటసారియైనను బండపై గూర్చుండి నాలుగు మాటలాడి పోవుచుండెడివాడు.

సముద్రములు దాటిన తెలుగువారు 1990ల దశకమున కంప్యూటరులందు నిట్టి బండలనే కట్టుకొనిరి. నాడు తెరపై తెలుగులిపి కనబడుట దుర్లభము. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున బుట్టిన పద్ధతి ననుసరించి తెలుగును రోమను లిపిలో వ్రాసి, భాషాసాహిత్యములను గూర్చి వాదించుకొనిరి. యూజ్‌నెట్టులో "సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు" అను వేదిక యొకటి, యాహూ గ్రూప్సులో "రచ్చబండ" యను ఈ-మెయిలు చర్చాసమూహ మొకటి. పేరెంత చక్కగా నమరినదో చూడుడు!

యూజ్‌నెట్టు వేదికలకు సామాన్యముగా కావలివాడుండడు. 1994 ఏప్రిలులో కాంటర్, సీగెల్ అను న్యాయవాద దంపతులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటన నొక్కదానిని, చర్చావిషయముతో బనిలేకయే, 5,000కు పైబడిన వేదికలలో గ్రుమ్మరించిరి. పల్లెలో దండోరా వేయువాడు డప్పు మోయవలెను, వీధివీధి దిరుగవలెను. కావున దానికొక హద్దుండెను. ఇచ్చట పంపువానికి శ్రమ లేదు, శ్రమయంతయు చదువువారిదే. చర్చించువారు మెల్లమెల్లగా లేచిపోయిరి. 2024 ఫిబ్రవరి 22 నుండి గూగుల్ సంస్థ యూజ్‌నెట్టు క్రొత్తలేఖలను గైకొనుట మానినది. అది చెప్పిన కారణములలో నీ వ్యర్థలేఖల బెడదయు నొకటి.

ఈ-మెయిలు సమూహమునకు నిర్వాహకుడుండును. ప్రతిలేఖను దాను చదివి విడుచుట యొక మార్గము. ఇది నాకు సమ్మతము గాదు. నిర్వాహకుడు నిద్రించునంత సేపు వాదమును నిద్రించును. పైగా వానికి గిట్టని యభిప్రాయము గూడ వ్యర్థలేఖలతో గొట్టుకొనిపోవచ్చును. యాహూ గ్రూప్సులో మరియొక వసతి యుండెను: క్రొత్తగా జేరినవాని లేఖలను మాత్రమే నిలిపి చూచుట. చర్చకు వచ్చినవాడేయని తేలిన పిదప వానికి స్వేచ్ఛ. ప్రకటనలవాడు అంతవరకు వేచియుండు జాతివాడు గాడు.

2002లో పాల్ గ్రాహం, లేఖలోని మాటల సంభావ్యతను లెక్కించి జల్లెడపట్టు పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. మేలైనదే. అయినను ఆంగ్లలేఖలతో నేర్చిన జల్లెడ రోమను లిపిలోని చంపకమాలను జూచి యేమనుకొనునో! ఏ సమూహపు జల్లెడకు ఆ సమూహపు లేఖలతోనే నేర్పవలెను.

యాహూ గ్రూప్సు 2020 డిసెంబరు 15న మూతపడినవి. బెడద మాత్రము వాట్సాపునకు దరలివచ్చినది. మేడ్చలు చుట్టుపట్ల ఇండ్లస్థలము లమ్మువారి ప్రకటనలు నా పూర్వవిద్యార్థుల సమూహమును ముంచెత్తగా, నిర్వాహకుడు విసిగి, 2018లో వచ్చిన వసతి నుపయోగించి, తానొక్కడే వ్రాయునట్లు తాళము వేసెను. ప్రకటనలు నిలిచినవి. ఇప్పుడు షష్టిపూర్తికి బిలువదలచినవారును నిర్వాహకునికి ఫోను చేసి బ్రతిమాలుకొనుచున్నారు.