ఎలా? ఎందుకు? - జపాన్ డిటెక్టివ్ నవలల పేచీ

డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళలో ఎవర్ని కదిపినా హోమ్స్ తో మొదలుపెట్టి ఆగథా క్రిస్టీ దగ్గర ఆగిపోతారు. అవి అయిపోయాక ఏం చదవాలి అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: జపాన్ నవలలు పట్టుకోండి. ఈ నవలల్లో 'ఎలా చంపారు' అన్నది ముఖ్యమా, 'ఎందుకు చంపారు' అన్నది ముఖ్యమా అనే పేచీ అక్కడ దాదాపు అరవై ఏళ్ళు నడిచింది. ఆ వరసలో చదివితేనే మజా.

యుద్ధకాలంలో అక్కడి ప్రభుత్వానికి ఈ రాతలంటే గిట్టేది కాదు. 1939లో ఎడొగావా రంపో కథ 'గొంగళిపురుగు'ని నిషేధించారు. యుద్ధం ముగిసిన మరుసటేడే, 1946లో, సెయిషి యొకొమిజో 'హోంజిన్ మర్డర్స్' మొదలుపెట్టాడు. పెళ్ళైన రాత్రే మూసున్న గదిలో కొత్త దంపతులు శవాలై ఉంటారు. బయట మంచులో హంతకుడు వెళ్ళిన జాడే లేదు! ఇక్కడ అసలు ప్రశ్న 'ఎలా'.

సెయిచో మత్సుమోతోకి ఇలాంటి గారడీలు నచ్చలేదు. 1958లో పుస్తకంగా వచ్చిన ఆయన 'పాయింట్స్ అండ్ లైన్స్'లో పాత బంగళాలుండవు. లంచాల కేసు నడుస్తున్న ఓ మంత్రిత్వ శాఖ ఉద్యోగి, ఓ అమ్మాయి సముద్రపు ఒడ్డున చచ్చి పడుంటారు. అందరూ జంట ఆత్మహత్య అనుకుంటారు. ఒక రైల్వే టైంటేబులు, టోక్యో స్టేషన్లో ఒక నాలుగు నిమిషాల ఖాళీ... అక్కణ్ణించి తీగ లాగితే పెద్దవాళ్ళ డొంకంతా కదుల్తుంది. 'ఎందుకు'దే పైచేయి అయింది. చాలా ఏళ్ళు అదే గాలి.

1987లో యుకితో అయత్సుజి 'డెకగన్ హౌస్ మర్డర్స్'తో పజిల్ ని మళ్ళీ లాక్కొచ్చాడు. దీవి మీదకెళ్ళిన కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే చనిపోతుంటారు. ఒకే ఒక్క వాక్యంతో కథంతా తిరగబడుతుంది. అదేంటో చచ్చినా చెప్పను :)

చివరికి రాజీ కుదిర్చింది మన జాతివాడే. కెయిగో హిగషినో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం చేస్తూ రాసేవాడు. 1985లో రంపో పేరిట ఇచ్చే బహుమతి వచ్చాక ఉద్యోగం మానేశాడు. 2005లో వచ్చిన 'డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో చంపిందెవరో మొదట్లోనే చెప్పేస్తాడు. అయినా చివరిదాకా ఉక్కిరిబిక్కిరే. అందులో 'ఎలా' అన్నది విడిపోయిన క్షణమే 'ఎందుకు' అన్నది గుండెల్లో గుచ్చుకుంటుంది. పజిల్ కి మనసుండదు అనేవాళ్ళకి ఇంతకన్నా జవాబేం కావాలి?

నాలుగూ ఇంగ్లీషులో దొరుకుతాయి. ఒక్కటే చదివే తీరికుంటే హిగషినో. నాలుగూ చదివే ఓపికుంటే మాత్రం యొకొమిజో నుంచే మొదలుపెట్టండి.