నేటాలునందు స్వామిశబ్దము

ఐశ్వర్యవాచకమగు స్వశబ్దముపై మత్వర్థప్రత్యయము చేరి స్వామిశబ్దము సిద్ధించునని పాణినీయులు చెప్పుదురు. ప్రభువని యర్థము. ఇట్టి శబ్దము దక్షిణాఫ్రికాలోని నేటాలునందు నిందావాచకమైనది.

1860 సం. నవంబరు 16వ తేదీని చెన్నపట్టణపు టోడయగు ‘ట్రూరో’ డర్బను రేవు చేరెను. నాఁటినుండి 1911 వఱకు తెలుఁగువారును, తమిళులును, ఉత్తరదేశీయులును చెఱకుతోఁటల కొడంబడికపైఁ గొనిపోఁబడిరి. గడువు అయిదేండ్లు, మొదటియేఁట జీతము నెలకు 10 షిల్లింగులు. ఓడపట్టికలో తండ్రిపేరు, కులము, గ్రామము వ్రాసి, ప్రతివానికి నొక సంఖ్య వేసిరి. స్వగ్రామమున కాఁపైనను, సాలెయైనను తోఁటలో నా సంఖ్యయే వాని గుర్తు.

కూలి యనఁగా వేతనము. అది లక్షణచేఁ బనివానికిఁ జెల్లి, యచట జాతికే పేరయ్యెను. 1893లో నచటి కేఁగిన గాంధిగారు సయితము ‘కూలి బారిష్టరు’ అనిపించుకొనిరి. దాక్షిణాత్యుల పేళ్లు పెక్కులు స్వామ్యంతములగుటచేఁ దెల్లవారు వారిని ‘సామి’ యని చులకనగాఁ బిలిచిరి. సామి యనఁగా యజమానుఁడనియు, తాము వారికి యజమానులము గామనియుఁ జమత్కారులు బదులు చెప్పెడివారని గాంధిగా రాత్మకథయందుఁ దెలిపిరి.

గడువు తీఱినపిదప స్వదేశము చేరక, మరల నొడంబడికకు లోఁబడక నిలిచినవారు ఏఁటేఁట 3 పౌనులు చెల్లింపవలెనని 1895 సం. చట్టము విధించెను. 1913 సం. సమ్మె పిమ్మట, 1914లో నా పన్ను రద్దయ్యెను. ‘కూలి’, ‘సామి’ యను పిలుపు లంత సులభముగాఁ దొలఁగలేదు. సముద్రము దాఁటినంతనే ప్రభువాచకము దాసవాచకమగుట కోశకారు లెఱుఁగని యర్థవిపరిణామము.