రెండు గొంతుల పాట

మా పెళ్ళిళ్ళ మీద పత్రికలు చాలానే రాశాయి. తలాక్ గురించి రాశాయి. నాలుగు పెళ్ళిళ్ళ గురించి రాశాయి. 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు మా ఆడవాళ్ళ గురించి మాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఊరికొకరు బయల్దేరారు. మాలో కూడా ఒక మొగపిల్లాడు ఒక ఆడపిల్లని తల్చుకుని బుధవారం రాత్రి ఎనిమిదింటి కోసం వారమంతా కాచుక్కూచుంటాడని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ మాటకొస్తే మేమూ రాయలేదు. మేం రాసిందంతా గాయాల గురించే. గాయాలు లేవని కాదు. కానీ మా అమ్మీ అబ్బాల పెళ్ళి ఎట్లా జరిగిందో చెప్పమంటే మేం పాటల దగ్గర మొదలుపెట్టాలి.

గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. సాయిబుల బజారు మొదట్లో టీ హోటలు, దాని పక్కన అరుగు మీద అబ్బా కుట్టుమిషను. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన రోజులవి. బజారు మొత్తానికి ఆ హోటల్లో ఒక్కటే రేడియో. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. ఆయన హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాట దాదాపు మాయమైపోయింది. శాస్త్రీయ సంగీతం వినిపిస్తే జనం బాగుపడతారని ఆయన నమ్మకం. జనం బాగుపడలేదు, షార్ట్‌వేవ్ తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ ఏడాదే అక్కడ అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టాడు. సర్కారు 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టి దిగొచ్చేసరికే బుధవారం రాత్రి మా బజారు సొంతమైపోయింది. హోటల్ ఓనరు హిందువు. పాట వచ్చే గంటసేపు టీ గ్లాసులు కడగనిచ్చేవాడు కాదట, చప్పుడని.

హోటలు వెనక గోడ అవతల మా నానా ఇల్లు. నానా జట్కా తోలేవాడు. 'నయా దౌర్' (1957)లో దిలీప్‌కుమార్ టాంగా తోలాడు. ఆ టాంగా మీద రఫీ, ఆశా కలిసి పాడిన డ్యూయెట్ వచ్చినప్పుడు నానా గుర్రానికి కూడా వినిపించాలన్నట్టు దాన్ని గోడ దగ్గరికి తెచ్చి కట్టేవాడని చెప్పుకుంటారు. ఆ సినిమాలో టాంగా బస్సుని ఓడిస్తుంది. మా ఊళ్ళో బస్సే గెలిచింది. అది వేరే కథ.

నానీ, అమ్మీ ఇంట్లో కూచుని చొక్కాలకి కాజాలు తీసేవాళ్ళు, గుండీలు కుట్టేవాళ్ళు. కాజాకింతని లెక్క. అబ్బా కుట్టిన చొక్కాలు మూటకట్టి ఇచ్చేవాడు, మా మామూ మోసుకొచ్చేవాడు. మామూకి అప్పుడు పదేళ్ళుంటాయి. అబ్బా అమ్మీని చూసింది లేదు. తలుపు సందులోంచి మూట అందుకునే చెయ్యి ఒకసారి కనిపించిందట. చెయ్యా, గాజులా అని మేం అడిగితే అమ్మీ కసిరేది.

అవతల రేడియో, ఇవతల రేడియో, మధ్యలో గోడ. పాట మాత్రం ఒకటే. అబ్బా అరుగు మీద వింటున్నాడని అమ్మీకి తెలుసు, ఎందుకంటే పాట వస్తున్నప్పుడు మిషను చప్పుడు ఆగిపోయేది. అమ్మీ వింటోందని అబ్బాకి తెలియడానికి దారి లేదు. అందుకని ఆయన రాయడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మా భాష సంగతి చెప్పాలి. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ అని మేమనుకుంటాం. హైదరాబాద్, లక్నో వాళ్ళు అది ఉర్దూ కాదు పొమ్మంటారు. ఊళ్ళో వాళ్ళు దాన్ని తురకం అంటారు. మా తెలుగేమో తురక తెలుగు. అబ్బా చదివింది తెలుగు బడిలో ఐదో తరగతి దాకా. ఉర్దూ అక్షరం ముక్క రాదు. అమ్మీ ఉస్తానీ దగ్గర ఖురాన్ చదివింది. అరబీ అక్షరాలు గుర్తుపడుతుంది, కానీ రాయడం నేర్పలేదు. ఆడపిల్లకి చదవడం దాకా చాలు, రాయడం వస్తే ఉత్తరాలు రాస్తుందని పెద్దల భయం. పెద్దలు తెలివైనవాళ్ళే. కానీ పాటల పుస్తకం ఒకటుంటుందని వాళ్ళకి తోచలేదు.

అబ్బా ఒక లెక్కల పుస్తకంలో రేడియో విని పాటలు తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. అందులో ఒక కాయితం చింపి మడిచి చొక్కా జేబులో పెట్టేవాడు. అది అమ్మీకి చదవ రాదు. రాసినాయనకి సగం మాటలకి అర్థం తెలీదు. చదవగలిగింది మామూ ఒక్కడే, వాడికి మొత్తానికే అర్థం తెలీదు. దీపం దగ్గర కూచుని మొగగొంతు, ఆడగొంతు రెండూ వాడే చదివిపెట్టేవాడు. అమ్మీ కాజా తీస్తూ వినేది.

డ్యూయెట్లే ఎందుకు పంపేవాడివని మేం పెద్దయ్యాక అబ్బాని అడిగాం. ఒక్క గొంతు పాటైతే తను అడుగుతున్నట్టే ఉంటుంది, జవాబు ఉండదు కదా అన్నాడు. డ్యూయెట్‌లో ఆడమనిషి ఏమనాలో కూడా ఉంటుంది. ఆ మాట విన్నప్పుడు ముచ్చటేసింది గానీ తర్వాత ఆలోచిస్తే, ఆ జవాబులు రాసినవాళ్ళూ మొగవాళ్ళే కదా. సాహిర్, షకీల్ బదాయూనీ, మజ్రూహ్. అమ్మీ వాళ్ళని ఒప్పుకోలేదు కూడా. 'హమ్ దోనో' (1961)లో సాహిర్ రాసిన డ్యూయెట్ ఉంది, ఆమె వెళ్ళాలంటుంది, అతను ఆగమంటాడు. అది పంపినప్పుడు అమ్మీ నవ్విందట. వెళ్ళడానికి ముందు రావాలి కదా, మనం గడప దాటిందెప్పుడు అని. ఆమె జవాబు వేరు. చొక్కా జేబు లోపల ఒక్క ఎర్రదారం కుట్టు వేసి పంపేది. అబ్బా దాన్ని విప్పి, చొక్కా ఇస్త్రీ చేసి గిరాకీకి ఇచ్చేవాడు. ఆ ఊళ్ళో కరణం, మునసబు, బడిపంతులు, ఎంతమంది ఆ జేబులు మోసుకు తిరిగారో వాళ్ళకే తెలీదు.

అబ్బా పుస్తకంలో మొదటి పేజీ పాట 'జుగ్ను' సినిమాది. రేడియో సిలోన్‌లో పొద్దున్నే వచ్చే పాత పాటల్లో విని రాసుకున్నాడు. 1947లో వచ్చిన సినిమా. తెర మీద దిలీప్‌కుమార్, నూర్‌జహాన్. పాడింది రఫీ, నూర్‌జహాన్. సంగీతం ఫిరోజ్ నిజామీ. ఆ సంవత్సరమే దేశం రెండైంది. నూర్‌జహాన్ పాకిస్తాన్ వెళ్ళిపోయింది. ఫిరోజ్ నిజామీ వెళ్ళిపోయాడు. అమృత్‌సర్ దగ్గరి పల్లెలో పుట్టి లాహోర్‌లో పెరిగిన రఫీ బొంబాయిలో ఉండిపోయాడు. ఒకే పాటలో ఒక గొంతు అటూ ఒక గొంతు ఇటూ అయ్యాయి. మళ్ళీ ఇద్దరూ కలిసి పాడలేదు. నూర్‌జహాన్ బొంబాయికి తిరిగొచ్చింది 1982లో. రఫీ చనిపోయి అప్పటికి రెండేళ్ళు.

ఇంకొకాయన అటు నుంచి ఇటు వచ్చాడు. బడే గులాం అలీఖాన్. 'మొగలే ఆజం' (1960)లో సలీం, అనార్కలీల ప్రేమ ఘట్టంలో వెనక వినిపించే తాన్‌సేన్ గొంతు ఆయనది. అంత గొప్ప ప్రేమకథలో సలీం, అనార్కలీ ఒక్క డ్యూయెట్టూ పాడరు, గమనించారా? బడే గులాం అలీఖాన్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండి, మనసొప్పక తిరిగొచ్చి, 1968లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. మా నానా ఎటు వెళ్ళాలని ఎవరూ అడగలేదు. గుర్రానికి తెలిసిన దారి రైల్వేస్టేషను దాకానే.

మంగ్నీ 1964లో అయింది. తర్వాత ఆగిపోయింది. పాటల్లో ఎక్కడా లేని మాట ఒకటి వచ్చింది, జోడేకీ రఖం. మా దాదా అయిదొందలు అడిగాడు. పెళ్ళిలో మొగవాడు ఆడదానికి మెహర్ ఇవ్వాలని షరియత్ చెబుతుంది. జోడేకీ రఖం ఏ షరియత్‌లో ఉందో ఎవరూ చెప్పరు. పక్కవాళ్ళ కట్నం మాకూ అంటింది, పేరొక్కటి మార్చుకున్నాం. దీన్ని దాచిపెట్టి మన సంస్కృతి గొప్పదని రాసుకోవడం మాకు చేతకాదు.

ఆ రోజుల్లోనే రఫీ, లతా కూడా కలిసి పాడటం మానేశారు. పాటల రాయల్టీలో గాయకులకూ వాటా ఉండాలని లతా పట్టు. పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇంకేం హక్కని రఫీ. ఆ ఏళ్ళలో రఫీ పక్కన సుమన్ కల్యాణ్‌పూర్ గొంతు వినిపించేది. 'జబ్ జబ్ ఫూల్ ఖిలే' (1965) డ్యూయెట్ ఆమెదే. చాలామంది లతా అనుకునేవాళ్ళు, గోడవతల అమ్మీ మాత్రం ఈమె వేరే అనేది. డబ్బు విషయంలో అమ్మీ లతా వైపు. పని చేసినవాళ్ళకి వాటా ఉండాలి, కాజాకి అణా పెంచమంటే పెంచరు కదా అని.

'జ్యూయల్ థీఫ్' (1967)లో రఫీ, లతా మళ్ళీ కలిసి పాడారు. మా నానా జట్కా, గుర్రం అమ్మేశాడు. అయిదొందలు అట్లా వచ్చాయి. అమ్మీ ఈ మాట అబ్బాతో జీవితంలో ఒకే ఒక్కసారి అందట. ఆయన తండ్రికి ఎదురు చెప్పలేదు. పాటల్లో మొగగొంతు అంత మాట్లాడుతుంది, ఇంట్లో ఆ రోజు నోరు పెగల్లేదు.

నిఖా రోజు వకీలూ ఇద్దరు గవాహ్‌లూ పర్దా అవతలికి వచ్చి అడిగారు. మా నిఖాలో ఆడపిల్ల ఒప్పుకోకుండా పెళ్ళి లేదు. ముందు ఆమెని అడిగి, తర్వాతే పెళ్ళికొడుకుని అడుగుతారు. ఇది కూడా రెండు గొంతుల పాటే, ఆడగొంతు ముందు. కాకపోతే చాలా ఇళ్ళల్లో తల ఊపడమే గొంతు. నానీ వెనకనుంచి తల వంచబోయిందని, అప్పటికే తను "హూఁ" అనేశానని అమ్మీ చెప్పేది. జల్వాలో అద్దంలో చూసుకున్నప్పుడు అబ్బా ఆమె మొహం చూడకముందు చేతులు చూశాడట.

రెండేళ్ళకి ఎన్టీ రామారావు 'భలే తమ్ముడు' (1969) వచ్చింది. హిందీ 'చైనా టౌన్'కి తెలుగు. అందులో రామారావుకి రఫీ పాడాడు. తెలుగులో! రఫీ తెలుగు విని హోటల్లో అందరూ నవ్వుతుంటే అబ్బా పొంగిపోయాడు. మన యాసలాగే ఉంది చూడు, వాణ్ణయితే డబ్బిచ్చి పిలిచి పాడించుకున్నారు అన్నాడు.

1980 జులై 31న రఫీ చనిపోయాడు. రంజాన్ నెల. మర్నాడు అబ్బా అరుగు మీదికి వెళ్ళలేదు. హోటల్ ఓనరు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "సాయిబూ, మనోడు పోయాడు" అన్నాడు. మనోడు అన్నాడు. ఆ మాట అబ్బా చాలాకాలం చెప్పుకున్నాడు.

అబ్బా అరుగు మీదికి సొంత ట్రాన్సిస్టరు వచ్చింది. 1992 డిసెంబరు తర్వాత ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చిన కుర్రాడు పాట విని, "ఏం సాయిబూ, పాకిస్తాన్ స్టేషనా?" అన్నాడు. సరదాకే అని ఉండొచ్చు. అది వివిధభారతి. పాట రఫీ, లతాలది. అబ్బా ఏమీ అనలేదు. కొలతలు రాసుకున్నాడు. ఆ తర్వాత చాలా నెలలు ట్రాన్సిస్టరు గొంతు తగ్గించే పెట్టాడు. ఎంతగా అంటే మిషను తొక్కితే పాట వినపడదు.

ఆ నెలల్లోనే అమ్మీ లెక్కల పుస్తకం బయటికి తీసింది. మా చెల్లెలి పలక మీద తెలుగు అక్షరాలు ఎప్పుడో నేర్చుకుంది, మాకెవరికీ చెప్పలేదు. అబ్బా రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక ఒక్కో పాట కూడబలుక్కుంటూ చదివేది. ఖురాన్ చదివిన నాలుక కదా, 'జ' కి రకరకాల పలుకులుంటాయని, తెలుగులో అన్నింటినీ ఒకే అక్షరంలో కుక్కేశావని తప్పులు పట్టేది. ఆయన గుండీల డబ్బా సర్దుకుంటూ, అయితే ఆ రోజుల్లో ఆ ఎర్రదారం ఏ పాటకి వేశావో చెప్పమనేవాడు. ఆమె మొదటి పేజీ తిప్పి, ముందు ఇది సరిగ్గా పలుకు అనేది.