జాన్ వేన్ ఆఖరి సినిమా

మంటకాడికి జరగండ్రి పోరగాండ్లు. తుపాకుల కథ గావాలంటిరి గదా, హాలీవుడ్ కౌబాయ్ హీరో జాన్ వేన్ ఆఖరి సినిమా ముచ్చట చెప్త. పేరు ‘ది షూటిస్ట్’, 1976ల వచ్చింది. తీసింది డాన్ సీగెల్. మా జమానాల కౌబాయ్ బొమ్మ అంటే పడి సచ్చేటోళ్లం. మన కృష్ణ 1971ల ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీసిండంటే, జనానికి ఆ పిచ్చి ఉండబట్టే.

కథ 1901ల, అమెరికాల కార్సన్ సిటీల నడుస్తది. విక్టోరియా రాణి పోయిందని పేపర్ల పడ్డ దినాలు. బుక్స్ అని పేరుమోసిన తుపాకి మనిషి, ముసలోడైనంక ఊర్లకు వస్తడు. ఆ బుక్స్ వేషం వేన్‌దే. మొదట్ల వేన్ పాత సినిమాల ముక్కలనే బుక్స్ జిందగీ అని చూపెడ్తరు. చూస్తుండంగనే పడుసోడు ముసలోడైతడు. ఏం ఉపాయం!

డాక్టర్ పరీక్ష చేసి క్యాన్సర్ అంటడు. ఆ డాక్టర్ వేషం జేమ్స్ స్టీవర్ట్ వేసిండు. చావు ఎంత గోసగా వస్తదో దాచకుండ చెప్తడు. వేన్‌కు 1964లనే క్యాన్సర్‌తోని ఒక ఊపిరితిత్తి తీసేసిండ్రు. అందుకే ఆ ఇద్దరు ముసలోళ్లు మాట్లాడుతుంటే యాక్టింగ్ అనిపియ్యది. నొప్పికి గట్టి బల్ల మీద కూసోలేక, బుక్స్ ఎర్ర మఖ్మల్ దిండు సంకల పెట్టుకొని తిరుగుతడు. అంత పెద్ద హీరోకు దిండిచ్చి నిలబెట్టిండ్రంటే దమ్ము గావాలె. బుక్స్ కిరాయికి దిగిన ఇంటామె లారెన్ బకాల్‌తోని మాటలైతే ఇంకా బాగుంటయి. ఆమె కోప్పడ్డా అండ్ల జాలి కనబడ్తది.

తుపాకులు బయటికొచ్చినంకనే సినిమా పల్చనైతది. మంచంల పడి సావొద్దని బుక్స్ ముగ్గురు దుష్మన్లకు కబురు పెట్టి బార్ల కలుస్తడు. ఆ ముగ్గురెవరో మనకు సక్కగ తెల్వనే తెల్వది, వాళ్లు పడిపోతే మనకేం పడ్తది? బుక్స్ సస్తడని తెలిసి ఊరి మార్షల్ ఇకిలిచ్చుడు గూడ అతి అయింది.

ఆఖరికి బార్ల మందు పోసేటోడు బుక్స్‌ను ఎనకనుంచి కాలుస్తడు. ఇంటామె కొడుకు గిలమ్ బుక్స్ తుపాకితోనే వాని మీద పగ తీర్చుకొని, దాన్ని ఇసిరి పారేస్తడు. ప్రాణం పోతున్న బుక్స్ అది చూసి తలూపుతడు. ఈ సినిమాకు మూలమైన గ్లెండన్ స్వార్థౌట్ నవల ఇట్ల ముగియది, సినిమోళ్లు మార్చిండ్రు. మార్చుడు తప్పనేటోళ్లున్నరు. నేనైతే సై అంట. ఏండ్లకేండ్లు తుపాకితోనే బతికిన హీరో, పోరడు తుపాకి పట్టకపోవుడే మేలని ఒప్పుకున్నడు. వేన్ మళ్ల సినిమా చెయ్యలే, 1979ల పోయిండు. ఆ బార్ల కొట్లాట తీసేసి చూపెట్టినా నేను టికెట్ కొంట.